తుపాకికి ఏ లైటు మంచిది

తాడేపల్లిగూడెం,
సోమవారం.

గ్రేస్ టీచర్ గారికి,

పెదపాడు బడిలో మీ దగ్గర తెలుగు చదువుకున్న అర్షద్ నమస్కరించి రాసేది. కిటికీ పక్కన కూర్చుని చేపల చెరువుల వైపు చూస్తుండేవాణ్ణి, గుర్తుపట్టే ఉంటారు. మొన్న మీ నంబరు దొరికితే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్ పెట్టాను. “ఇది ఏ భాషో నాకు తెలియదు, ఉత్తరం రాయి” అని మీరు ఏలూరు అడ్రసు పంపారు. అందుకని రాస్తున్నానండి. నేనిప్పుడు గూడెంలో బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్మే షాపులో పనిచేస్తున్నాను. మన బడి నాని, మనోజ్ కూడా ఇక్కడే ఉన్నారు. ముగ్గురం కలిసే తిరుగుతాం.

విషయం ఏమిటంటేనండి, నాకు తుపాకికి బిగించుకునే లైటు ఒకటి అర్జెంటుగా కావాలి. మీ ఇంటి వెనక వీధిలో సిరాజుద్దీన్ గారి టార్చిలైట్ల దుకాణంలో దొరుకుతుందని విన్నాను. నాకు సెలవు దొరకడం లేదు. నెలాఖరు ఆదివారం ఏలూరు వాళ్ళతో తేల్చుకోవాలి. పోయినసారి వాళ్ళు లైట్లతో వచ్చి మా ముగ్గుర్నీ చీకట్లోనే లేపేశారు. ఇక్కడ అబ్బాయిరాజు గారి రైసుమిల్లు ఒకటి మూతపడి ఉంది. గెలిచినవాళ్ళకే మిల్లు అని ఆయన చెప్పేశారు. ఇప్పుడు ఊరుకుంటే అది మా చెయ్యి దాటిపోతుంది.

బాగా దూరం వెలుగు పడేది, ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్మేది చూడండి. మీ సహాయానికి ముందుగానే కృతఘ్నతలు.

మీ విద్యార్థి,
అర్షద్.

తా.క.: ఈ సంగతి మా అమ్మకు తెలియనివ్వకండి. కంగారు పడుతుంది.

*

ఏలూరు,
గురువారం.

అర్షద్‌కు,

నీ ఉత్తరం చదివి నీళ్ళు తాగాను. మళ్ళీ చదివి మళ్ళీ తాగాను. నువ్వు గుర్తున్నావు. బల్ల మీద బల్లి పడితే చంపనివ్వకుండా అట్ట మీదికి ఎక్కించి బయట వదిలి వచ్చినవాడివి. అలాంటివాడు తుపాకి పట్టాడంటే తప్పు నీ ఒక్కడిదే అనుకోను. పాఠాలు చెప్పిన మాకూ భాగం ఉంటుంది.

అబ్బాయిరాజు గారెవరో నాకు తెలియదు. పెద్దమనిషి అయి ఉండి, కొట్టుకుని గెలిచినవాళ్ళకు మిల్లు రాసిస్తాననడం ఏమిటి? ఆస్తి తగాదాలకు కోర్టులున్నాయి. పోయినసారి చీకట్లో లేపేసినప్పుడు నీకు దెబ్బలేమైనా తగిలాయా? ఆసుపత్రికి వెళ్ళారా? ఆ మాట ఒక్కటీ రాయలేదు.

మా పక్కింట్లో సుకుమార్ గారని హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన ఆయన ఉన్నారు. నీ పేరు చెప్పకుండా, “నా పాత విద్యార్థి ఒకడు బ్యాటరీల షాపులో పనిచేస్తూ తుపాకి దగ్గర పెట్టుకున్నాడండీ, ఏం చెయ్యమంటారు” అని అడిగాను. “ఏ ఊరండీ” అన్నారు. గూడెం అన్నాను. “మీరు కంగారు పడకండి టీచరు గారూ, మావాళ్ళు అక్కడ ఉన్నారు” అన్నారు. నాకేమీ అర్థం కాలేదు గానీ ఆయన మాటలో ధైర్యం వినపడింది.

నువ్వు మాత్రం ఆ వస్తువు తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్యి. భోజనం చేశాక ఇద్దరం కలిసి స్టేషనుకు వెళదాం. నీ పక్కన నేను కూర్చుంటాను. నాని, మనోజ్ కూడా వస్తే చేపల పులుసు కాస్త ఎక్కువ పెడతాను.

నీ కోసం ప్రార్థిస్తూ,
గ్రేస్ టీచర్.

తా.క.: చేసిన మేలు గుర్తుంచుకోవడం కృతజ్ఞత. మర్చిపోవడం కృతఘ్నత. నేను లైటు కొనకముందే నువ్వు నాకు కృతఘ్నతలు చెప్పేశావు. ఇంతటి నిజాయితీ ఏ దొంగలోనూ చూడలేదు.

*

తాడేపల్లిగూడెం,
శనివారం.

గౌరవనీయులైన టీచర్ గారికి,

అది బొమ్మ తుపాకి టీచర్. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. నా బుద్ధి తక్కువతనం. దాన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారు. మిరియం గింజంత ప్లాస్టిక్ పూసలు కొడుతుంది. తగిలితే చీమ కుట్టినట్టు ఉంటుంది. కళ్ళకు మందపాటి అద్దాలు, మొహానికి మాస్కు పెట్టుకునే ఆడతాం. రెండు జట్లు మిల్లులో చెరో వైపు నుంచి లోపలికి వెళ్ళి ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవాలి. కిటికీలన్నీ మూసేసి ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం కూడా లోపల చీకటే. పూస తగిలితే తగిలినవాడే “తగిలింది” అని చెయ్యెత్తి బయటికి వచ్చెయ్యాలి. చూసి చెప్పే అంపైరు ఉండడు. మరీ దగ్గరైతే కొట్టకూడదు. లైటు మొహాన వేసి “దొరికావు” అంటే చాలు, దొరికినవాడు ఒప్పుకోవాలి. అందుకేనండి లైటు కోసం నాకంత పట్టుదల.

అబ్బాయిరాజు గారు మిల్లు రాసిచ్చేది లేదు. ఆదివారాలు ఆడుకోనిస్తారు, అంతే. రెండు జట్లూ అడుగుతున్నాయని, గెలిచినవాళ్ళే ఆడుకోండి అన్నారు. గూడెంలో మాకు వేరే చోటు లేదండి. వారమంతా బ్యాటరీలు మోసి, ఆ ఒక్క పూట కోసమే బతుకుతున్నట్టుంటుంది.

ఏలూరు జట్టులో ఎవరెవరున్నారో కూడా మాకు తెలియదు. మాస్కులతోనే దిగుతారు, ఆట కాగానే రైలు అందుకోవాలని పరిగెడతారు. వాళ్ళని పగవాళ్ళు అనడానికి కూడా మొహాలు తెలియవు.

లైటు సంగతి: తుపాకి గొట్టం కింద పళ్ళు పళ్ళుగా ఒక పట్టీ ఉంటుంది. దాన్ని రైల్ అంటారు. దానికి బిగించే క్లాంపుతో సహా కావాలి. డబ్బు సిరాజుద్దీన్ గారికి ఫోన్లో వేసేస్తాను.

కృతజ్ఞతలతో (పదిసార్లు రాసి చూసుకున్నాను),
అర్షద్.

తా.క.: నిన్న మఫ్టీలో ఒకాయన షాపుకు వచ్చి ఏమీ కొనకుండా మధ్యాహ్నం దాకా నన్నే చూస్తూ కూర్చున్నాడు. నాలుగుసార్లు టీ ఇచ్చాను. వెళ్ళేముందు, “చూడ్డానికి బాగానే ఉన్నావు, ఎందుకయ్యా ఈ పనులు” అని, ఒక డిస్టిల్డ్ వాటర్ సీసా కొనుక్కుని వెళ్ళాడు. సుకుమార్ గారికి నా నమస్కారాలు చెప్పండి.

*

ఏలూరు,
మంగళవారం.

ప్రియమైన అర్షద్‌కు,

గుండె కుదుటపడింది. సుకుమార్ గారికి చెబితే కాస్త నిరాశపడ్డారు. రిటైరయ్యాక ఆయన చేతికి వచ్చిన మొదటి కేసు ఇది.

చూసే పెద్దవాళ్ళు లేకపోయినా తగిలినవాడే తగిలిందని ఒప్పుకోవాలని రాశావు చూడు, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇన్నేళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసిన మనిషిని. కాపలా లేకుండా నడిచే ఆట ఒకటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

సిరాజుద్దీన్ గారి దుకాణానికి వెళ్ళాను. “రైలుకు బిగించే లైటు ఇవ్వండి” అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి గార్డు ఊపే ఎర్ర దీపం ఒకటి దుమ్ము తుడిచి తెచ్చారు. “భీమడోలు స్టేషన్‌లో పనిచేసే వాళ్ళెవరైనా పంపారాండీ” అని మర్యాదగా అడిగారు. ఆ దీపం నాకు బాగా నచ్చింది గానీ నీ తుపాకి దాని కింద నలిగిపోతుంది. ఇంతలో వాళ్ళ అమ్మాయి రేహానా వచ్చి, నేను చెప్పేది ఆఖరిదాకా విని, అసలు వస్తువు బయటికి తీసింది. చాలా ఓపిక గల పిల్ల. దుకాణం వెనక చీకటి గదిలోకి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ వెలిగించి చూపించింది.

కొన్ని లైట్లకు వెలుగు చేటలా పరుచుకుంటుంది. కొన్నింటికి గోడ మీద రూపాయి బిళ్ళంత చుక్క పడుతుంది. కొన్నింటికి మీట తోక దగ్గర ఉంటుంది. కొన్నింటికి తీగ చివర మెత్తని బిళ్ళ ఉంటుంది, అది బొటనవేలి కిందికి వచ్చేలా అంటించుకోవాలి. బరువైనదైతే తుపాకి ముక్కు కిందికి వాలుతుందట. ఒక మధ్యాహ్నం ఎలా గడిచిపోయిందో తెలియలేదు. రిటైరయ్యాక మొక్కలకు నీళ్ళు పోసేస్తే నా పగలు అయిపోతోంది.

సరైనది ఎంచాలంటే కొన్ని తెలియాలి. నువ్వు కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? మిల్లులో ఎక్కడ దాక్కుంటావు? కూర్చుంటావా, నిలబడతావా? నాని, మనోజ్ ఏ పక్కన ఉంటారు? వివరంగా రాయి.

శుభం కోరుతూ,
గ్రేస్ టీచర్.

తా.క.: మిల్లు పటం గీసి పంపు. కొలతలు లేకపోయినా ఫరవాలేదు, తలుపులు మాత్రం మరిచిపోకు.

*

తాడేపల్లిగూడెం,
శుక్రవారం.

టీచర్ గారికి అర్షద్ నమస్కారాలు.

మా అమ్మ కూడా నా ఆట గురించి ఇంత శ్రద్ధగా అడగలేదండి. మాకు దెబ్బలు తగలకూడదనే కదా ఇన్ని వివరాలు అడుగుతున్నారు. ఉత్తరం చదివి వినిపిస్తే నాని కళ్ళు తుడుచుకున్నాడు.

నాది ఎడమచేతి వాటం. ఈసారి ముగ్గురం చివరనున్న తవుడు గదిలోనే ఉంటాం. పాత గోతాల దొంతర వెనక మోకాళ్ళ మీద కూర్చుంటాను. నా కుడి పక్కన నాని, ఎడమ పక్కన మనోజ్. ఏలూరు వాళ్ళే వెతుక్కుంటూ లోపలికి వస్తారు. గది మధ్యకు రాగానే ముగ్గురం ఒకేసారి లైట్లు వేస్తాం. నాని, మనోజ్ దగ్గర మామూలు టార్చిలు ఉన్నాయి. తవుడు గదికి వెనక వైపు బాయిలరు పక్కన చిన్న తలుపు ఒకటుంది గానీ దాని సంగతి ఏలూరు వాళ్ళకు తెలియదు. పటం వెనక పేజీలో గీశాను. ఈ ప్లాను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

లైటు మాత్రం అన్నిటికంటే కాంతి ఎక్కువది, చేటంత వెలుగు పరిచేది కావాలండి. గదంతా ఒకేసారి పగలైపోవాలి.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో పనిచేసే సీతారత్నం గారు మనోజ్‌కు పిన్ని అవుతారు. ఆవిడ ఫోన్లో చాలా బాధపడ్డారట. “టీచరమ్మ గారు పట్టపగలు కిటికీలన్నీ మూసేసి, చేతిలో టార్చితో బీరువా వెనక నక్కి ఉంటున్నార్రా. పలకరిస్తే హుష్ అంటున్నారు. బియ్యంలో తెల్ల పూసలు వస్తున్నాయి” అన్నారట. కరెంటు ఇబ్బందా టీచర్? లేక దొంగల భయమా? ఒంటరిగా ఉంటారు, మొహమాటపడకుండా చెప్పండి. రేపు మా షాపు మెకానిక్ ఏసోబును పంపుతున్నాను. ఇన్వర్టరు ఎక్కడ పెట్టాలో చూస్తాడు. ఆ ఖర్చు మా ముగ్గురిది.

మీ మేలు మరువని,
అర్షద్.

తా.క.: రేహానా గారికి కూడా థాంక్స్ చెప్పండి. ఇంత సాయం చేసినవాళ్ళు మా జట్టులో ఉంటే బాగుండేదని నాని అన్నాడు.

*

ఏలూరు,
సోమవారం.

ప్రియమైన అర్షద్, నాని, మనోజ్‌లకు,

ఈ ఉత్తరంతో పాటు లైటు పార్సిలు వస్తుంది. అడిగినట్టే అన్నిటికంటే కాంతి ఎక్కువది, చేటంత వెలుగు పరిచేది ఎంచాను. బిగించేటప్పుడు తొందరపడకు. క్లాంపు రైలు పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోవాలి. లైటుకూ క్లాంపుకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెడితే జారదు. మర సగం దాకా చేత్తోనే తిప్పి, ఆపైన రెంచి పట్టు. మరీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. నీది ఎడమచేతి వాటం కాబట్టి తుపాకి ముందు భాగాన్ని కుడిచెయ్యి పట్టుకుంటుంది. బిళ్ళ మీట ఆ బొటనవేలి కిందికి రావాలి. లైటు వేసి ఉంచెయ్యకు. నువ్వెక్కడున్నావో ఊరంతటికీ చెప్పినట్టవుతుంది. తటాలున వేసి, చూసి, ఆర్పి, పక్కకు జరగాలి.

ఇన్వర్టరు నాకు అక్కర్లేదు నాయనా. మా వీధిలో కరెంటు బాగానే ఉంటుంది. ఏసోబు మంచివాడు. అంత దూరం వచ్చినవాడిని ఊరికే పంపడం ఎందుకని, “కాసేపు వంటింటి తలుపు వెనక నిలబడు బాబూ, నేను లైటు పట్టుకుని లోపలికి వస్తాను, నీ మొహం ముందు కనపడుతుందో చెయ్యి ముందు కనపడుతుందో చూద్దాం” అన్నాను. రెండుసార్లు నిలబడ్డాడు. మూడోసారికి గేటు కూడా వెయ్యకుండా వెళ్ళిపోయాడు. స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకెళ్ళమను.

పూసల సంగతి సీతారత్నం నీ దాకా చేరవేయవలసిన పని లేదు.

ఆదివారం బాగా ఆడండి. ఎవరు బాగా ఆడితే వాళ్ళే గెలవాలని ప్రార్థిస్తాను.

ప్రేమతో,
గ్రేస్ టీచర్.

తా.క.: నీ పటంలో బాయిలరు చక్కగా గీశావు. బడిలో ఆంధ్రదేశం పటం గీయమంటే కొల్లేరును సముద్రంలో పెట్టినవాడివి, బాగా మెరుగయ్యావు.

*

తాడేపల్లిగూడెం,
సోమవారం.

టీచర్ గారికి,

ఓడిపోయాం టీచర్. అదెలా జరిగిందో మాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే లైటు బిగించాను. ట్యూబు ముక్క పెట్టాను. రాయిలా నిలబడింది. తవుడు గదిలో గోతాల వెనక కూర్చున్నాం. ముందు తలుపు దగ్గర ఏదో అలికిడి అయింది. “ఇప్పుడే” అన్నాను. ముగ్గురం లైట్లు వేశాం. టీచర్, ఆ గదిలో ఏళ్ళ నాటి తవుడు దుమ్ము గాలిలో తేలుతోంది. నా లైటు పడగానే దుమ్మంతా తెల్లగా వెలిగిపోయి, కళ్ళ ముందు దుప్పటి కట్టినట్టయింది. పొగమంచులో లారీ హెడ్‌లైటు వేసినట్టు ఎదురుగా ఏమీ లేదు, తెలుపు తప్ప.

అప్పుడు వెనక, బాయిలరు పక్క తలుపు లోంచి, సన్నటి వెలుగు ఒకటి దుమ్మును కోసుకుంటూ వచ్చి నా మొహాన పడింది. తరవాత నాని మీద, తరవాత మనోజ్ మీద. మాస్కు లోంచి ఒక గొంతు, పెద్దగా కాదు, మామూలుగా, “లేవండి” అంది.

ముగ్గురం లేచి నిలబడ్డాం. ఎందుకు లేచామో తెలియదు. పరిగెత్తవచ్చు, పక్కకు దొర్లవచ్చు. మనోజ్ తుపాకి కింద పెట్టేశాడు. నాని చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. “దొరికారు, ముగ్గురూ” అంది ఆ గొంతు. “దొరికామండీ” అని ముగ్గురం ఒకేసారి అన్నాం, పాఠం అప్పజెప్పినట్టు.

ఆ మనిషి పొట్టి. మోకాలికి పట్టీ ఉంది, మెల్లగా నడుస్తాడు. హైదరాబాదు నుంచి పిలిపించిన ఆటగాడని నాని అంటున్నాడు. నాకు మాత్రం ఆ లైటులోనే ఏదో మహిమ ఉందనిపిస్తోంది. అది ఏ రకమో సిరాజుద్దీన్ గారిని అడిగి చెప్పగలరా? మిల్లు పోయింది గానీ అది తెలియకపోతే నాకు నిద్ర పట్టదు.

ఏసోబు మీ ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచీ, “టీచరు గారిని మంచి డాక్టరుకు చూపించండ్రా” అంటున్నాడు. వచ్చే వారం సెలవు పెట్టి వస్తాను. మీరు ఒక్కరే బయట తిరగకండి.

మీ అర్షద్.

తా.క.: అబ్బాయిరాజు గారు ఆ పొట్టి ఆటగాడికి స్వయంగా కుర్చీ వేసి కొబ్బరినీళ్ళు ఇచ్చారు. మాస్కు తియ్యకుండానే గొట్టంతో తాగేసి రైలుకు వెళ్ళిపోయాడు. మాకు ఇవ్వలేదు.

*

ఏలూరు,
గురువారం.

నా ప్రియమైన అర్షద్‌కు,

కొబ్బరినీళ్ళు బాగున్నాయి. కాస్త లేతకాయ అయితే ఇంకా బాగుండేది.

కూర్చున్నావా? ఏలూరు జట్టు క్యాప్టెన్ రేహానా. నేను లైట్లు చూడ్డానికి వెళ్ళిన రోజునే వాళ్ళ మూడో మనిషి కాలు బెణికి మంచం ఎక్కాడు. చీకటి గదిలో నేను ఒక్కొక్క లైటూ వేసి చూస్తుంటే ఆ పిల్ల, “టీచర్ గారూ, మీ చెయ్యి అసలు వణకడం లేదండీ” అంది. ఎన్నో ఏళ్ళు సుద్దముక్క పట్టిన చెయ్యి, ఎందుకు వణుకుతుంది? “మా జట్టులోకి వస్తారా” అని అడిగింది. నవ్వులాటకనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆలోచిస్తే, వద్దనడానికి ఒక్క కారణమూ దొరకలేదు.

నీ దగ్గర దాచాను, ఒప్పుకుంటాను. కానీ నేను అడిగినవి ఎందుకు అడుగుతున్నానో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. పటం గీసి మరీ పంపావు. అది చూసి రేహానా, “ఇంత మంచివాళ్ళతో ఆడి గెలవడం కూడా పాపమేనండీ” అంది. అయినా గెలిచాం.

మీరు లేచి నిలబడతారని నేను అనుకోలేదు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది, అంతే. దుమ్ములో మీ ముగ్గురూ వరసగా నిలబడితే, నాని చేతులు కట్టుకుంటే, మాస్కు లోపల నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బయటికి రాగానే చెబుదామనుకున్నాను. రేహానా రైలు టైమైందని లాక్కుపోయింది.

నాకు డాక్టరు అక్కర్లేదు. మోకాలు తప్ప అంతా బాగుంది. ఈ మధ్య నా అంత సంతోషంగా ఉన్న మనిషి ఏలూరులో ఇంకొకరు ఉంటారనుకోను.

మిల్లు గురించి నిన్న అబ్బాయిరాజు గారితో ఫోన్లో మాట్లాడాను. ఒక జట్టే అయితే ఎవరితో ఆడుతుందండీ అని అడిగాను. ఆయనకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదట. ఇక ప్రతి ఆదివారం రెండు జట్లూ రావచ్చు. ఈ ఆదివారం ఆట అయ్యాక మాస్కులు తీసి అందరం కలిసి తిందాం. పులుసు నేను తెస్తాను. సుకుమార్ గారు కూడా వస్తానంటున్నారు. నిన్ను స్వయంగా చూస్తే గానీ కేసు మూసెయ్యరట.

తవుడు గదిలో మిమ్మల్ని పట్టుకున్న,
నీ గ్రేస్ టీచర్.

తా.క.: ఆ లైటు ఏ రకమో అడిగావు. రూపాయి బిళ్ళంత చుక్క పడేది. దుమ్ములో చేట వెలుగు పనికిరాదని రేహానా మొదటి రోజే చెప్పింది. నువ్వు అడిగింది నీకు పంపాను. నాకు కావలసింది నేను ఉంచుకున్నాను.